తెచ్చి దింపువారు, తీసికొనిపోవువారు

దయ లేనివాడు జంతు శరణాలయపు గడప త్రొక్కడు. కనుక ఆ గడప త్రొక్కినవారికి దయను గూర్చి బోధింపవలసిన పని లేదు. ఆ దయ ఎప్పుడు, ఎచ్చట, ఏ రూపమున అక్కఱకు వచ్చునో తెలిసినచో చాలును. రోడ్డుప్రక్క కాలు విఱిగి మూలుగుచున్న కుక్కపిల్లను చూచి గుండె కరగి, ఆటో మాట్లాడుకొని, ఊరి చివరనున్న షెల్టరు దాక తీసికొనిపోయి, గేటువద్ద నిలిచిన మనిషి చేతిలో పెట్టి, “కాస్త జాగ్రత్తగా చూడన్నా” అని చెప్పి, మనస్సు తేలికపడగా ఇంటికి మరలువారు మన పట్టణములలో ఎందఱో కలరు. వారు చేసినది మంచిపనియే, సందేహము లేదు. కాని వారి మనస్సునుండి దిగిన భారము ఎవరి తలకెక్కినదో విచారించువారు మాత్రము మిక్కిలి అరుదు. శరణాలయమునకు తోడ్పడుట యనగా, నా దృష్టిలో, ఆ భారములో ఒక వంతును తిరిగి మన ఇంటికి తెచ్చుకొనుటయే.

మూగజీవికి చికిత్స చేయుట మనకు నేడు క్రొత్తగా తోచిన ధర్మము కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనములలో రెండవది మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచిన సంగతిని, ఓషధులు లేనిచోటికి వానిని తెప్పించి నాటించిన సంగతిని చెప్పుచున్నది. అది క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటి మాట. మన కాలమున, రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టువిడువక వాదించిన ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. మద్రాసున 1959లో కెప్టెన్ సుందరం దంపతులు ఆరంభించిన బ్లూ క్రాస్, 1992లో అక్కినేని అమల చొరవతో హైదరాబాదున వెలసిన బ్లూ క్రాస్, 1996లో విశాఖపట్టణమున పుట్టిన విశాఖ జంతు సంరక్షణ సంఘము తెలుగువారు ఎఱిగిన సంస్థలు. ఇట్టి వానికి పేరే కొంత పెట్టుబడి. కాని పేరును పలుకుబడియు లేక, ఇద్దఱు ముగ్గురు మనుష్యుల రెక్కల కష్టముమీద, ఒక రేకులషెడ్డు క్రింద నడచుచున్న శరణాలయములు చిన్న పట్టణములలో ఎన్నియో యున్నవి. నేనిచట చెప్పబోవునది ముఖ్యముగా ఆ రేకులషెడ్డును దృష్టియందుంచుకొనియే.

అట్టిచోట ఏమి కొఱతయని అడిగినచో ఎక్కువమంది డబ్బని తడుముకొనక చెప్పుదురు. డబ్బును కొఱతయే, దానికన్న ముందు కొఱతపడునది చోటు. ఇరువది బోనులున్నవి గనుక ఇరువది ప్రాణులకు చోటున్నదని బయటివారు లెక్క వేయుదురు. లోపలి లెక్క వేఱు. నిన్న ఆపరేషను జరిగిన కుక్కను ఒంటరిగా నుంచవలెను. ఈనిన తల్లి తన ప్రక్కకు మఱియొక కుక్కను రానీయదు. బెదరి కరచునది ఒకచో, కుక్కల అలికిడికే ముడుచుకొనిపోవు పిల్లులు వేఱొకచో నుండవలెను. అన్నిటికన్న భయంకరమైనది పార్వో. రక్తవిరేచనములతో కుక్కపిల్లలను చూచుచుండగనే బలిగొను ఈ వ్యాధి క్రిమి మట్టిలో నెలల తరబడి నిలిచియుండును గనుక, ఒక పిల్ల చనిపోయిన బోనును బ్లీచింగు నీళ్ళతో ఎంత కడిగినను, టీకా పడని మఱొక పిల్లను వెంటనే అందుంచుటకు అనుభవజ్ఞులు సాహసింపరు. కావున మీరు తెచ్చి దింపిన కుక్కపిల్లకు విఱిగిన కాలు అతికించుట పెద్ద కష్టము కాదు. అది అతుకుకొనువఱకు దానిని పార్వో సోకని తావున ఎట్లుంచుటయను ప్రశ్నయే అక్కడివారికి నిద్ర పట్టనీయనిది.

ఈ ప్రశ్నకు సమాధానము చాలవఱకు మీ ఇంటి వరండాలో నున్నది. కాలికి కట్టుతో నున్న పిల్లనో, తల్లిని కోల్పోయిన పిల్లికూనలనో పదునైదు దినములో నెలదినములో ఇంట నుంచుకొని సాకి, కోలుకొన్న పిదప తిరిగి అప్పగించుటను వారి వాడుకలో ఫాస్టరింగు అందురు. ఇది పెంపకము కాదు. గడువు గల అతిథిసేవ. దీనికి కావలసిన సరంజామా స్వల్పము: ఒక అట్టపెట్టె, పాత నూలుచీర, చదివి పాఱవేసిన వార్తాపత్రికలు, వెడల్పైన నీళ్ళపళ్ళెము, కటకటాలున్న వరండాయో వాడుకలో లేని చిన్న గదియో. కావలసిన తెలివి మాత్రము కొంత ఎక్కువ. ఆకలితో అఱచుచున్న పసికూనకు ఆవుపాలు పోయుట మనకెల్లరకు తోచు మొదటి ఉపాయము. ఆ పాలు పడక, విరేచనములు పట్టి, కూన మఱింత నీరసించును. మూడు వారములైన నిండని పిల్లికూన చేతికి వచ్చినప్పుడు మొదట చేయవలసినది పాలు పట్టుట కాదు, వెచ్చజేయుట. ఒడలు చల్లబడిన కూనకు ఆహారము అరుగదు. వేడినీళ్ళ సీసాకు తువాలు చుట్టి ప్రక్కనుంచి, ఒడలు వెచ్చబడిన పిదప, పశువైద్యుడు చెప్పిన పాలపొడిని కలిపి సిరంజితో చుక్కచుక్కగా పట్టవలెను. చంటిపాపను ఒడిలో వేసికొన్నట్లు వెల్లకిల వేసికొని పట్టితిరా, పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. కూనను బోర్లగా నుంచి, తల కొంచెము పైకెత్తనిచ్చి పట్టవలెను. త్రాగిన తరువాత, గోరువెచ్చని నీట తడిపిన దూదితో పొత్తికడుపు క్రింద మెల్లగా తుడిచినగాని ఆ వయసు కూన మూత్రము విడువదు. తల్లిపిల్లి నాలుకతో చేయు పని యిది. రాత్రివేళను రెండు మూడు గంటలకొకసారి లేవవలసియుండును. దంపతులిద్దఱును ఉద్యోగములకు పోవు ఇండ్లలో ఇది సాగదు. అట్టివారు రెండు నెలలు దాటి తనంతట తాను తిను పిల్లను అడిగి తీసికొనుట వివేకము.

తీసికొనుటకు ముందే తేల్చుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. అద్దె ఇల్లైనచో యజమానితో మాట్లాడుడు. ఆయన చూచి అడిగినప్పుడు చెప్పుదములే యనుకొనుట వలన పదవనాడే ఆ జంతువు తిరిగి బోనునకు చేరినట్టి ఉదంతములు ప్రతి శరణాలయమునను వినబడును. ఇంటిలో అత్తగారో తాతగారో ఉన్నచో వారి సమ్మతి అంతకన్న ముఖ్యము, ఏలయన పగలంతయు ఆ పిల్లతో నుండవలసినవారు వారే. మీ సొంత కుక్కకు టీకాలు పూర్తియై యుండవలెను. మందుల ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి జబ్బు చేసినచో ఎవరికి ఫోను చేయవలెను, గడువు ఏనాటికి ముగియును అను మూడు విషయములను కాగితముపై వ్రాయించుకొనుడు. మొగమాటము ఇక్కడ ఇరుపక్షములకును చేటు.

ఇక వస్తుదానమునకు వత్తము. ఇందు నవ్వు పుట్టించునవియు కలవు. పుట్టినరోజున పిల్లలను వెంటబెట్టుకొని, క్రీము బిస్కెట్ల పొట్లములు పట్టుకొని వచ్చి, బోను బోనునకు పంచి, ఫోటోలు దిగి పోవు కుటుంబము మఱునాటి ఉదయమున ఆ బోనులను కడుగు మనిషిని ఒకసారి చూచినచో ఆ ఆచారమును మానుకొనును. శనివారములందు కాలభైరవుని ప్రీతికొఱకు నల్లకుక్కను వెదకికొని వచ్చువారిదియు ఇట్టి పద్ధతియే. వారి భక్తికి నేను అడ్డు చెప్పను గాని, ఆ భక్తిని నల్లకుక్కకే పరిమితము చేయక ఒక నూకల బస్తాగా మార్చినచో భైరవుడు కోపింపడని నా నమ్మకము. పెండ్లివిందులో మిగిలిన బిరియానియు పులిహోరయు వ్యానుతో దింపి పోవుట మఱొకటి. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషప్రాయములు. వండిన కోడిఎముక విఱిగి పేగులో గ్రుచ్చుకొనును. శరణాలయపు వంటయే చూడుడు: నూకలును, చిటికెడు పసుపును, మాంసపు దుకాణములో చౌకగా దొరకు కోడికాళ్ళు, తలలును పెద్ద డేగిసాలో మెత్తగా ఉడికించి, ఎముకలేఱి, చల్లార్చి పెట్టుదురు. ఆ డేగిసా ప్రతిదినము పొయ్యిమీద కెక్కవలసినదే. దానికి ఆదివారము లేదు, పండుగ లేదు. మీ ఊరి కోళ్ళ దుకాణదారుతో మాట్లాడి, వారమున కింత చొప్పున నెలనెల మీరే డబ్బు కట్టి ఏర్పాటు చేయగలిగినచో, అది సంవత్సరమున కొకసారి చేయు ఘనమైన దానముకన్న మేలు.

తీసికొనిపోవుటకు ముందు ఫోను చేసి అడుగుట మఱవకుడు. శుభ్రతకు పనికివచ్చునని పది సీసాల ఫినాయిలు కొని తెచ్చువారున్నారు. కాని ఫినాయిలు పిల్లులకు విషము, తడినేల త్రొక్కి పాదములు నాకికొన్నను చాలును, వాని ప్రాణమునకు ముప్పు. అందుచేత పిల్లులున్న చోట దానిని గదిలోనికే రానీయరు. గడువు తీఱిన మందులు, దూది ఉండలు కట్టిన పరుపులు, పిన్నులు గ్రుచ్చియున్న బట్టలు వారికి చెత్తబండి ఖర్చును పెంచును. పాత దుప్పట్లు, తువాళ్ళు, వార్తాపత్రికలు, బ్లీచింగు పొడి, చేతితొడుగులు, బకెట్లు ఎప్పుడును కాదనరు. చలికాలపు ఆరంభమున గోనెసంచులు అడుగుదురు.

ధనము విషయమున దాతల మనస్సు ఒక చిత్రమైన మెలిక తిరుగును. “నా డబ్బు జంతువులకే చేరవలెను, జీతములకు గాదు” అని నియమము పెట్టువారు తఱచుగా కనబడుదురు. ఆ నియమము వినుటకు ధర్మముగా నుండును. ఆచరణలో మాత్రము, తెల్లవారకముందే లేచి మలమూత్రములు కడిగి, పురుగుపట్టిన పుండును శుభ్రపఱచి, కాటు పడినను మఱల చేయి చాచు మనిషికి జీతము లేకుండ ఆ జంతువులకు చేరునది ఏదియు లేదు. అతడు పని మానిన వారమున శరణాలయము ఎంత ధనముండియు శరణాలయము కాజాలదు. నన్నడిగినచో, పదిమంది మిత్రులు కలిసి ఒక సహాయకుని జీతమును ఏడాదిపాటు భరించుట అన్నిటికన్న దూరదృష్టి గల దానము. అట్లే, ఒక్కమాఱు పెద్దమొత్తము ఇచ్చుటకన్న నెలకు కొద్దిమొత్తము తప్పక ఇచ్చుట మేలు. వచ్చు నెలలో ఇంత వచ్చునని తెలిసినప్పుడే వారు ఒక ఎక్స్‌రే తీయించుటకో, టీకాలు ముందుగా తెప్పించుటకో ధైర్యము చేయగలరు.

ఇచ్చువారు రసీదు అడుగుట అవమానము కాదు. 80జి గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చినచో, పాత పన్ను విధానమును ఎంచుకొన్నవారికి, ఆదాయపు పన్నులో మినహాయింపు కలదు, రూ.2000 మించిన నగదుకు ఆ మినహాయింపు వర్తింపదు గనుక బ్యాంకు ద్వారా ఇచ్చుట మంచిది. కంపెనీలో పెద్ద ఉద్యోగమున నున్నవారు 2013 కంపెనీల చట్టపు ఏడవ షెడ్యూలులో జంతు సంక్షేమమును చేర్చినారని తమ యాజమాన్యమునకు గుర్తుచేయవచ్చును. డల్లాసులోనో న్యూజెర్సీలోనో నుండి ఊరి శరణాలయమునకు సాయపడదలచిన తెలుగువారు మఱొక సంగతి తెలిసికొనవలెను: భారత పౌరుడుగా నున్న ప్రవాసి తన సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళము కాదు, అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నవాడు పంపినదో, అది విదేశీ విరాళమే. 2010 విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రింద నమోదైన సంస్థయే, అదియు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే, దానిని పుచ్చుకొనవలెను. తెలియక పంపిన డబ్బు ఆ చిన్న సంస్థను చిక్కులలో పడవేయును. నెత్తురోడుచున్న బొమ్మలను ఫోనులో పంపి గంటలోపల డబ్బు వేయుమను ప్రతివానిని నమ్మవలసిన పని లేదు. ఆసుపత్రి బిల్లు చూపుమనుడు, వీలైనచో స్వయముగా పోయి చూడుడు. చూడనీయని చోటికి ఇవ్వకుడు.

గాయపడిన ప్రాణి ఎదురైనప్పుడు శరణాలయమునకు చేయదగిన గొప్ప ఉపకారము, ఫోను చేసినవారు అక్కడనే నిలిచియుండుట. వ్యాను వచ్చులోపల కుక్క ప్రాకుచు ఏ మురుగుకాలువలోనికో జాఱిపోవును, ఫోను చేసినవారు ఆఫీసునకు పోయియుందురు, వెదకి వేసారి వ్యాను వట్టిగా తిరిగిపోవును, ఆ వేళకే మఱొకచోట వేచియున్న ప్రాణికి కాలము మించిపోవును. కనుక గుర్తులు స్పష్టముగా చెప్పి, ఒక ఫోటో పంపి, వారు చేరువఱకు కనిపెట్టి యుండుడు. మీరే ఎత్తవలసివచ్చినచో, నొప్పితోనున్న ఏ కుక్కయైనను కరచునని తలంచి, ఊపిరాడక రొప్పుచున్నదియో వాంతి చేసికొనుచున్నదియో కానిచో, చున్నీతో మూతి వదులుగా చుట్టి, దుప్పటిమీదికి జరిపి, నడుము వంగకుండ ఇద్దఱు పట్టుకొని లేవనెత్తవలెను. ఆవులు, గేదెలు మున్నగు పశువులకు రెండు తెలుగు రాష్ట్రములలోను 1962 నంబరునకు చేసినచో సంచార వైద్యవాహనము వచ్చును. రామచిలుక, ముంగిస, నక్షత్ర తాబేలు వంటివి 1972 వన్యప్రాణి చట్టము క్రిందికి వచ్చును. వానిని జాలిపడియైనను ఇంట నుంచుకొనరాదు, అటవీశాఖకు తెలుపవలెను. పాము కనబడినచో హైదరాబాదువారికి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ యున్నది. సంక్రాంతి దినములలో నైలాను మాంజా రెక్కకు చుట్టుకొన్న పక్షి దొరకినప్పుడు దారమును లాగకుడు, లాగిన కొలది అది కండరమును కోయును. రెండు ప్రక్కల కత్తిరించి, గాయములోని ముక్కను వైద్యునికి వదలి, గాలి సోకు రంధ్రములు చేసిన అట్టపెట్టెలో చీకటిగా నుంచి తీసికొనిపోవలెను. నోటిలో నీరు పోయరాదు. ఆ మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లోనే నిషేధించినది, అయినను ప్రతి యేడును అంగళ్ళలో దొరకుచునేయున్నది. అమ్ముచోటును పోలీసులకు తెలుపుటయు ఈ సేవలోని భాగమే.

నెత్తురు చూడలేనివారికి, కుక్కను ముట్టుటకు జంకువారికి కూడ పని కలదు. దత్తతకు సిద్ధముగా నున్న జంతువునకు మంచి ఫోటో తీయుట చిన్న పనిగా తోచును. కాని బోను చువ్వల వెనుకనుండి బెదరి చూచుచున్న బొమ్మను చూచి ఎవడును దానిని ఇంటికి తీసికొనిపోడు. పగటి వెలుగులో, నేలమీద కూర్చుండి, దాని కన్నుల ఎత్తున తీసిన బొమ్మయు, దాని అలవాట్లను నిజముగా చెప్పు నాలుగు తెలుగు వాక్యములును ఒక బోనును ఖాళీ చేయగలవు. వారమున కొకనాడు ఫోనులకు సమాధానము చెప్పుట, లెక్కలు వ్రాసిపెట్టుట, కారున్నచో ఎక్స్‌రేకు తీసికొనిపోయి తెచ్చుట ఇట్టివే. చేతులతో పని చేయదలచినవారు మాత్రము ముందుగా రేబిస్ టీకా వేయించుకొనవలెను. కాటుగాని గోటి గీఱుగాని పడినచో పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, అదేనాడు వైద్యుని చూడవలెను; ముందు టీకా వేయించుకొన్నవారును మినహాయింపు కాదు.

అన్నిటికన్న ఉత్తమమైన సహాయము, గేటువద్దకు వచ్చు ప్రాణుల సంఖ్యనే తగ్గించుట. అన్నము మెతుకులను ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీధిలో పాఱవేయుట మానినచో ఎన్ని ఆవుల కడుపులు కోయవలసిన పని తప్పునో, పుట్టపర్తియందలి కరుణ సొసైటీ మఱికొందఱితో కలిసి 2012లో ఈ విషయమున సుప్రీంకోర్టు మెట్లెక్కిన చరిత్ర చెప్పును. వీధికుక్కల విషయమున మార్గము సంతాన నియంత్రణ. ఆడుకుక్క ఆఱవ నెల దాటినది మొదలు చూలుదాల్చగలదు. చూలు ఇంచుమించు 63 దినములు. ప్రతిదినము అన్నము పెట్టుచు ఆపరేషను మాట తలపెట్టని దయ, ఏటేట పిల్లలను కార్ల చక్రముల క్రిందికి పంపు దయ యని కఠినముగా చెప్పక తప్పదు. 2023 జంతు సంతాన నియంత్రణ నియమముల ప్రకారము ఈ బాధ్యత పురపాలక సంఘములది. శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తుగా చిన్న గంటు పెట్టి, పట్టిన చోటనే విడిచిపెట్టవలెను. విద్యాలయములు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు మున్నగు ఆవరణములలోని వానిని తిరిగి అక్కడ విడువరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరున వేఱుగా ఆదేశించినది.

మీరు చేయవలసినది వీధివారితో మాట్లాడి, చెవి గంటు లేని కుక్కలు ఏవేవో పట్టిక వ్రాసి, దానిని పురపాలక కార్యాలయమునకో, ఆ పని చేయుచున్న శరణాలయమునకో ఇచ్చి, తేదీ పుచ్చుకొనుట. పట్టువారు వచ్చిననాడు కుక్కలు వలను చూచి నాలుగు సందులు పాఱిపోవును. కాని దినదినము అన్నము పెట్టుచున్న చేయి పిలిచినచో దగ్గఱకు వచ్చును. అందుచేత ఆ ఉదయమున ఆ అన్నదాత వీధిలో నుండి తీరవలెను. అదేనాడు ఆపరేషను చేయువారైనచో, ముందటి రాత్రినుండి కుక్కకు ఆహారము పెట్టరాదు. ఈ సంగతిని ముందుగా ఇంటింటికి చెప్పి ఉంచనిచో, తెల్లవారుజామున వాకిలి ఊడ్చు ఏ అవ్వగారో జాలిపడి పెరుగన్నము పెట్టును. వైద్యుడు మత్తుమందు ఇవ్వనని త్రిప్పి పంపును. ఆ కుక్కకు మరల వరుస వచ్చుటకు ఎన్ని వారములు పట్టునో చెప్పలేము.